నాలుగువేల నష్టం

లెక్కలు రాసి బతికినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాడు చెప్పేది మంచో చెడో చూడడు. రెండుపక్కలా కూడితే సరిపోయిందా లేదా అని చూస్తాడు. బెజవాడ వన్‌టౌన్‌లో ఒక పప్పుల కమీషన్ కొట్లో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు చిట్టా ఆవర్జాలు రాసి, తరవాత గుణదలలో మా చెల్లెలి ఇంటికి నాలుగిళ్ల అవతల కాపురం పెట్టినవాణ్ని నేను. జబ్బు బాగా ముదిరాకనే విశ్రాంతి తీసుకున్నానని నాకు 2019లో గాని తెలియలేదు.

ఆ సంవత్సరం మార్చిలో ఒక రాత్రి మా మేనల్లుడు వచ్చాడు. కుర్రవాడు ఇంజనీరింగు పాసయ్యాడు. అమీర్‌పేటలో ఆరునెలలు గది అద్దెకి తీసుకుని ఏదో కోర్సు కూడా చదివాడు. ఉద్యోగం మాత్రం రాలేదు. వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి, "మావయ్యా, ఒక లెక్క చూసిపెడతావా?" అన్నాడు.

ఏలూరు కాలవలో దూకమంటే దూకనుగాని, లెక్క చూడమంటే కాదనగలనా?

వాడు చూపించిన లెక్క ఇది. ఒక క్రికెట్ ఆటలో ఇండియా మీద ధర 2.00 వుంది. అంటే వెయ్యి కాసి గెలిస్తే అసలు వెయ్యీ కాక, పైన మరో వెయ్యి వస్తుంది. మావాడు వెయ్యి కాశాడు. గంట గడిచేసరికి మనవాళ్ల ఆట జోరందుకుంది, ధర 1.60కి దిగింది. అప్పుడు వీడు అటువైపునుంచి ఇటువైపుకి వచ్చి, ఇండియా మీద ఎవరో కాస్తున్న 1,250 రూపాయల పందేన్ని తానే పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఇండియా గెలిస్తే మొదటి పందెంలో వెయ్యి వస్తుంది, రెండోదాంట్లో 750 ఇచ్చుకోవాలి. మిగిలేది 250. ఇండియా ఓడితే మొదటిదాంట్లో వెయ్యి పోతుంది, రెండోదాంట్లో 1,250 వస్తుంది. మిగిలేది అప్పుడూ 250.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వేశాను. ఎటునుంచి వేసినా 250.

"మరి ఆట ఎవరు గెలిచారురా?" అన్నాను.

"ఎవరు గెలిస్తే మనకెందుకు మావయ్యా! నేను పందెం కాయటంలేదు. ట్రేడింగ్ చేస్తున్నాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఈ విద్య నాకు బొత్తిగా కొత్తదికాదు. నా చిన్నతనంలో సంక్రాంతికి కంకిపాడు అవతల ఒక పల్లెలో బరి దగ్గరికి మా నాన్న వెంట వెళ్లేవాణ్ని. కోళ్లకి కత్తులు కడుతూవుండగానే గట్టునున్న జనం పై పందేలకి కేకలు మొదలుపెట్టేవారు. అక్కడ కొట్టు తెరుచుకుని పందేలు పుచ్చుకునే షావుకారంటూ ఎవడూ వుండడు. నెమలి మీద కాసేవాడికి కాకి మీద కాసేవాడు ఎదురు నిలుస్తాడు. ఇద్దరి కళ్లూ కలిస్తే పందెం కుదిరినట్టే. కోళ్లు ఎగిరాక కూడా కేకలు ఆగవు. నెమలి మొదటి దెబ్బ కొట్టిందంటే, దానిమీద పది పెట్టి ఆరు వస్తే చాలనేవాళ్లు బయల్దేరతారు. అక్కడ ఒక ముసలాయన వుండేవాడు. ముందు నెమలి మీద సమానానికి కాసేవాడు. అది పైచెయ్యి కాగానే, ఆరు చాలన్నవాడి పందెం తాను పుచ్చుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని టీ తాగడానికి పోయేవాడు. ఏ కోడి చచ్చిందో ఆయనకి పట్టదు. "పందెగాడంటే వాడురా" అనేవాడు మా నాన్న. తను మాత్రం ఆఖరుదాకా నిలబడి చూసి, ఖాళీ జేబుతో ఇంటికి వచ్చేవాడు.

అల్లాగే 2002 నవంబరు 24. మన ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియాకీ వెస్టిండీస్‌కీ ఏడో వన్డే. అప్పటికి చెరి మూడూ గెలిచి వున్నారు. ఇది తేల్చే ఆట. షావుకారుగారి దయవల్ల నాకో టిక్కెట్టు దొరికింది. నా వెనక మెట్టుమీద ఇద్దరు కుర్రాళ్లు సెల్‌ఫోను చెవికి ఆనించుకుని "లగాయి", "ఖాయి" అని ఒకటే గొణుగుడు. హిందీ బేరగాళ్ల నుంచి వచ్చిన మాటలవి. లగాయి అంటే గెలుస్తుందని కాయడం. ఖాయి అంటే ఆ పందేన్ని తినడం, అనగా పుచ్చుకోవడం. మనవాళ్లు ఆవేళ 135 పరుగుల తేడాతో ఓడి సిరీస్ పోగొట్టుకున్నారు. స్టేడియం అంతా తలలు వేలాడేసుకుని లేస్తూంటే నా వెనకవాళ్లు మాత్రం నవ్వుకుంటూ మెట్లు దిగారు. వాళ్లమీద నాకు అప్పుడు ఒళ్లు మండింది. పదిహేడేళ్ల తరవాత మా మేనల్లుడి కాగితం చూశాక గాని వాళ్లు ఎందుకు నవ్వారో అర్థం కాలేదు.

లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే అనే ఇద్దరు 2000లో బెట్‌ఫెయిర్ అని ఒక కంపెనీ పెట్టి, ఈ బరి గట్టునే కంప్యూటరులోకి ఎక్కించారు. పందెం ఒకడికీ ఇంకొకడికీ మధ్యే. కంపెనీ ఎవరి పక్షమూ పట్టదు. కాసేవాణ్నీ పుచ్చుకునేవాణ్నీ కలిపి, గెలిచినవాడి లాభంలో కొంత కమీషన్ కోసుకుంటుంది. కమీషన్ అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇది మన కొట్టు వ్యవహారమే కదా! రైతు బస్తాలు దించుతాడు, వ్యాపారి కొనుక్కుంటాడు, షావుకారు మధ్యన కూచుని రెండు చేతులా పద్దు రాసుకుంటాడు. ధర పడేటప్పుడు కొనడం, లేచినప్పుడు అమ్మడం. అందులో తప్పేముంది?

మావాడు ఇంకా కొన్ని ఎత్తులు చెప్పాడు. గుర్రప్పందెం మొదలయ్యే ముందు పది నిమిషాల్లో ధర ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ దిగుతూ వుంటుందట. ఒక్క మెట్టు లాభానికి అటూ ఇటూ తిప్పి, గుర్రాలు కదలకముందే పద్దు మూసెయ్యాలట. ఫుట్‌బాల్‌లో "సమానంగా ముగుస్తుంది" అని కాసేవాళ్ల పందెం పుచ్చుకుని, గోలు పడేదాకా కాసుక్కూచోవాలట. గోలు పడితే సమానం ధర పైకి లేస్తుంది. అప్పుడు ఆ ఎక్కువ ధరకి తిరిగి కాసి బయటపడాలి. గోలు పడకపోతే నిమిషానికి కాస్త చొప్పున కరిగిపోతూ వుంటుంది. క్రికెట్‌లో అయితే, రెండోసారి ఆడే జట్టు మొదటి పది ఓవర్లు వికెట్టు పోకుండా గడిపితే ధర దిగుతుంది. ఆట మొదట్లో కాసి, పదో ఓవరుకి బయటికి రావడం మావాడికి ఇష్టమైన ఎత్తు.

"పోలీసులు పట్టుకోరట్రా?" అని ఒకమాట అడిగినమాట నిజమే. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పిందిట, ఇదీ అంతేనట. పేకాట గురించి చెప్పినమాట క్రికెట్ పందేనికి ఎలా అతుకుతుందో నేను అడగలేదు. మన రాష్ట్రంలో 1974 నాటి జూదచట్టాన్ని 2020లో సవరించి కంప్యూటరు పందేలన్నీ అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశం మొత్తానికి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కాని 2019లోనూ నాకు అనుమానం రాకపోలేదు. అనుమానాన్ని లెక్క మింగేసింది, అంతే.

అసలు అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది. మా కొట్లో అవతలి పార్టీ పేరు లేకుండా పద్దు రాస్తే షావుకారుగారు ఆవర్జా విసిరికొట్టేవారు. మావాడి పద్దులో అవతలి పార్టీ ఎవరు? లండను కంపెనీ కాదు. వాట్సాప్‌లో పరిచయమైన ఎవడో ఒక ఏజెంటు. డబ్బు వాడికిచ్చి "ఐడీ" పుచ్చుకోవాలి. ధరలు ఎక్కణ్నించో దింపుకుని తన తెరమీద చూపిస్తాడు. లాభం వస్తే ఇచ్చేదీ వాడే, ఇవ్వనంటే దిక్కు లేదు. ఇంత తెలిసీ నేను లెక్కే చూశాను గాని పేరు చూడలేదు.

ఇక మా చెల్లెలి సంగతి. ఆవిడ భర్త పోయాక కుట్టుపనిమీద ఇల్లు గడుపుకొచ్చింది. డాబామీద ఒక గది వేసి అద్దెకిస్తే నెలకింత వస్తుందని, రెండులక్షలు బ్యాంకులో దాచింది. స్తంభాలదాకా లేపి ఆపింది. వాటిమీంచి ఇనపచువ్వలు ఆకాశంలోకి నిలబడివుండేవి. వాటికి తీగ కట్టి బట్టలారేసేది. మావాడు పెట్టుబడి కావాలని అడిగితే ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, వీడేదో వ్యాపారమంటున్నాడు. నువ్వు లెక్క చూశావుట. ఇవ్వమంటావా?"

"లెక్క సరిగ్గా వుందమ్మా" అన్నాను.

నేను ఇవ్వమనలేదు. ఇవ్వొద్దనీ అనలేదు. లెక్క సరిగ్గా వుందన్నాను. మర్నాడే ఆవిడ బ్యాంకుకి వెళ్లింది.

ఏప్రిల్, మే నెలలు పండగలా గడిచాయి. ఐపీఎల్ ఆటలు. రోజూ సాయంత్రం వాడు ఫోను పట్టుకుని మా వసారాలో కూచునేవాడు, నేను నోటుపుస్తకం పట్టుకుని. ఒకరోజు 300, ఒకరోజు 450, పోయినరోజు రెండొందలు. మే 12న హైదరాబాదులో ఫైనలు. చివరి బంతికి వికెట్టు పడి ముంబయి ఒక్క పరుగుతో చెన్నైని గెలిచింది. దేశమంతా గుండెలు పట్టుకు కూచున్న ఆ బంతి వేసే వేళకి మావాడు అరగంట ముందే రెండువైపులా 1,100 తేల్చుకుని, ఇంటికి వెళ్లి పడుకుని నిద్రపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని టీకి పోయిన ముసలాయనే నా కళ్లకి కనిపించాడు. రెండు నెలల్లో 23 వేలు మిగిలింది. దానితో తల్లికి మిక్సీ, తనకి ఫోను, నాకు ఒక చేతికర్ర కొన్నాడు. ఆ కర్ర ఇంకా వుంది.

తరవాత ప్రపంచకప్పు. సెమీఫైనలు మాంచెస్టరులో, న్యూజీలాండుతో. జూలై 9న వాళ్లు 46.1 ఓవర్లలో 5 వికెట్లకి 211 చేసివుండగా వాన వచ్చి ఆట ఆగింది. 10వ తేదీ, బుధవారం, మన మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మొదలైంది. 239 చేశారు. మనకి 240 కావాలి. అదేమంత పెద్ద లెక్కా? ఇండియా ధర 1.40 వుంది. "ఇది పదో ఓవరుకి 1.20కి దిగుతుంది మావయ్యా" అని మావాడు లక్ష కాశాడు. అంతకుముందు ఎన్నడూ పదివేలు దాటి కాయనివాడు! నేను పుస్తకంలో రాసుకున్నాను: గెలిస్తే 40 వేలు, ఓడితే లక్ష.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ నాకు తట్టనిది అదే. కందిపప్పు ధర పడితే మెట్లు దిగినట్టు దిగుతుంది. పొద్దున్న ఒక రూపాయి, మధ్యాహ్నం ఒక రూపాయి. తెలివైనవాడికి రెండోమెట్టు మీద అమ్ముకునే వ్యవధి వుంటుంది. క్రికెట్‌లో ధర మెట్లు దిగదు, మేడమీంచి దూకుతుంది. వికెట్టు పడిన క్షణంలో 1.40కీ 2.00కీ మధ్యనున్న ధరలేవీ వుండవు. "ఇంత నష్టం రాగానే బయటికొచ్చేస్తా" అని ముందే గీసుకున్న గీత మీద ఎవడూ నిలబడి వుండడు. పైగా మనం టీవీలో చూసేది కొన్ని సెకన్ల కిందటి బంతి. మైదానంలో కూచుని ఫోనులో బంతిబంతికీ కబురందించేవాళ్లు వుంటారు. అందుకే పెద్ద కంపెనీలు ఆట సాగుతూండగా వచ్చిన పందేన్ని కొన్ని సెకన్లు ఆపి గాని ఒప్పుకోవు. అంతా కలిపి చూస్తే, తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య జరిగే బేరమది. గుణదల వసారాలో కూచున్న మేము ఏ పక్షమో చెప్పనక్కర్లేదు.

రోహిత్ శర్మ ఒక పరుగు. కోహ్లీ ఒక పరుగు. రాహుల్ ఒక పరుగు. అయిదు పరుగులకి మూడు వికెట్లు. నాలుగో ఓవరు మొదలైందో లేదో ఇదంతా అయిపోయింది. ధర 3.50.

నేను గబగబా వేశాను. "నలభై వేల పందెం పుచ్చుకో. ఎటు తేలినా 60 వేలే నష్టం" అన్నాను. అది సరైన లెక్క. దానిమీదే నిలబడివుంటే ఇవాళ ఇది రాయను. వాడు వినలేదు. మొహం ఎర్రబడిపోయింది. "మనవాళ్లు ఇల్లాగే వుండరు మావయ్యా" అంటూ 3.50కి మరో లక్ష కాశాడు. వాడి గొంతులో మా నాన్న గొంతు వినిపించింది. నేను ఆ గొంతుకి చిన్నప్పుడు ఎదురు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. పుస్తకంలో కొత్త పద్దు రాశాను: గెలిస్తే 2,90,000, ఓడితే 2,00,000.

92కి ఆరు వికెట్లు పోయాయి. ధర పదికి దగ్గర్లో వుంది. ఇక చూడ్డానికేమీ లేదని లేవబోయాను. అప్పుడు జడేజా వచ్చాడు.

ఆ గంటన్నర నేను మరిచిపోలేను. జడేజా కొడుతున్నాడు, ధోనీ అవతల నిలబడ్డాడు. ధర తొమ్మిది, ఏడు, అయిదు. కాలవ అవతల ఇళ్లలో ప్రతి ఫోరుకీ కేకలు. మేరీమాత కొండమీద దీపాలు వెలిగాయి. మా చెల్లెలు డాబామీద చువ్వల మధ్యనుంచి బట్టలు తీసుకుంటూ, "గెలుస్తామా అన్నయ్యా?" అని అక్కణ్నించే కేకేసింది. దేశం గెలుపు సంగతే అడిగింది పాపం. ధర మూడు. రెండూ డెబ్భయి. రెండున్నర.

"మావయ్యా," అన్నాడు వాడు. చెయ్యి వణుకుతోంది. "2.50 వుంది. 1,96,000 పందెం పుచ్చుకుంటే ఎటు తేలినా నాలుగువేలే నష్టం. మూసేస్తాను."

నేను అప్పటికే వేసి చూశాను. 2.45 అయితే సరిగ్గా సున్నా. 2.20 అయితే 22,727 రూపాయల లాభం. ఇంకో ఫోరు పడితే చాలు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో నా చిట్టా ఏనాడూ తేడాతో ముయ్యలేదు. నాలుగువేల నష్టం రాయడానికి చెయ్యి రాలేదు.

"ఆగు" అన్నాను.

జడేజా 77 దగ్గర బంతిని గాలిలోకి లేపాడు. అది కిందికి వచ్చి కేన్ విలియమ్సన్ చేతుల్లో పడింది. తరవాతి ఓవర్లో గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌట్. ఒక్క అంగుళమో రెండంగుళాలో. 221కి ఆట ముగిసింది. 18 పరుగుల తేడా. ధరలు ఎక్కడికి పోయాయో చూసే ఓపిక నాకు లేకపోయింది.

వాడు ఏడవలేదు. ఫోను బల్లమీద పెట్టి, "నువ్వు చెప్పకపోయినా నేను ఆగేవాణ్నేమో మావయ్యా" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడని తెలిసి మరీ కుంగిపోయాను. చెల్లెలితో వాడే చెప్పుకున్నాడు, పోయిందని. నా మాట ఎత్తలేదు. ఆవిడ రెండురోజులు మిషను తొక్కలేదు, మూడోరోజు తొక్కింది.

ఆ నెలాఖర్లో నేను నోటుపుస్తకం తీసి నా బాకీ ఎంతో తేల్చుకున్నాను. వాడు మూసేస్తానన్నప్పుడు నష్టం నాలుగువేలు. ఆగమన్న తరవాత రెండులక్షలు. అంచేత నా వంతు 1,96,000. నెలకి నాలుగువేల చొప్పున నలభై తొమ్మిది నెలలు. ఆగస్టునుంచి మొదలుపెట్టాను. వాడికి బెంగుళూరులో చిన్న ఉద్యోగం దొరికాక, వాడే పంపిస్తున్నాడని చెల్లెలికి చెప్పమన్నాను. ఒప్పుకున్నాడు. నేను ఒకటో తేదీన వెళ్లి, "మీవాడు నా ఖాతాకి వేశాడు" అని ఇచ్చి వచ్చేవాణ్ని. ఆవిడ లెక్కపెట్టుకుని, డబ్బాలో పెట్టుకుని, కాఫీ ఇచ్చేది. కోవిడ్ రోజుల్లో కూడా, మూతికి గుడ్డ కట్టుకుని, గుమ్మం బయటినుంచే ఇచ్చాను. ఒక్క నెలా తప్పలేదు.

2023 ఆగస్టు ఒకటిన ఆఖరు వాయిదా. ఆవేళ ఆవిడ డబ్బు లెక్కపెట్టలేదు. లోపలికి వెళ్లి నా పాత నోటుపుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. ఏ పాతకాగితాలతోనో కలిసి వాళ్లింటికి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు. అందులో జూలై 10 పేజీ తెరిచింది. 2.50 దగ్గర "నష్టం 4,000" అని నేనే రాసి, నేనే అడ్డంగా గీత గీసిన పద్దు అది.

"దీంతో నీ వంతు సరిపోయిందా?" అంది.

తలవూపాను.

"అయితే మిగతా నాలుగువేలూ వాడినే అడుగుతాలే" అని కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.